ముఖ్యమంత్రి గారికి ఒక రిటైర్డ్ ఏఎన్ఎం రాస్తున్నది: ఈసారి మాకు టార్గెట్ ఇవ్వకండి

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి గారికి నమస్కారం.

నేను 1984 నుంచి 2020 దాకా కృష్ణా డెల్టా పల్లెల్లో ఏఎన్ఎంగా, అంటే పల్లె నర్సుగా పనిచేశాను. ఎన్ని కాన్పులు చేశానో లెక్క పెట్టుకోలేదు. ఎంతమందిని కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్‌కి తీసుకెళ్లానో మాత్రం ఏ నెలకా నెల లెక్క ఉండేది. పైవాళ్లు అడిగేది ఆ లెక్కే.

2024 అక్టోబరులో నేను దక్షిణ కొరియాలో, సియోల్ పక్కన సువాన్ అనే ఊళ్లో ఉన్నాను. మా అమ్మాయీ అల్లుడూ అక్కడ ఇంజనీర్లు. పురిటికి అమ్మాయి పుట్టింటికి రాలేని పరిస్థితి, అందుకని పుట్టిల్లే అక్కడికి వెళ్లింది. ఒకరోజు పొద్దున పప్పుకి పోపు వేస్తూ ఫోన్ చూస్తుంటే మీ మాటలు కనబడ్డాయి. జనాభా ముసలిదైపోతోంది, మనవాళ్లు ఎక్కువమందిని కనాలి, ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లే స్థానిక ఎన్నికల్లో నిలబడేలా చట్టం ఆలోచిస్తున్నాం అన్నారు. నేను ఆ వార్త రెండోసారి చదివేలోపు పోపు మాడిపోయింది.

మిమ్మల్ని తప్పు పట్టడానికి రాయడం లేదు. ఇద్దరు దాటితే సర్పంచ్‌గా పోటీకి పనికిరారన్న పాత నిబంధనను ఆ నవంబరులోనే అసెంబ్లీలో ఎత్తేశారు, మంచి పని చేశారు. ఆ నిబంధన వల్ల మూడో బిడ్డ పుట్టలేదని దాచినవాళ్లు, చుట్టాలకు దత్తత ఇచ్చినట్టు కాగితాలు రాయించుకున్నవాళ్లు నాకు తెలుసు. నా బాధ వేరే. మీరు హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ఒక మాట అంటే, అది కిందికి వచ్చేసరికి ఏఎన్ఎం చేతిలో ఒక అంకె అవుతుంది. ఆ అంకె పట్టుకుని గుమ్మాలెక్కినదాన్ని కాబట్టి, ఇదే పని మనకంటే ముందు చేసిన దేశంలో మూడు నెలలు ఉండి వచ్చినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

మా రోజుల్లో ప్రతి సబ్‌సెంటర్ గోడ మీదా ఎర్ర త్రికోణం, పక్కన "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు". ఆడవాళ్లను మేము మనుషులుగా కాక "కేసులు" అని పిలిచేవాళ్లం. నెలకి ఇన్ని కేసులు. మార్చి వచ్చిందంటే టెన్షన్. డీపీఎల్ (పొట్టకు చిన్న గాటుతో చేసే కు.ని. ఆపరేషన్) క్యాంపు రోజున తెల్లారకముందే ఆటోలో ఐదారుగురిని ఎక్కించుకుని వెళ్లేదాన్ని, సాయంత్రం వరండాలో చాపల మీద వరసగా పడుకోబెట్టినవాళ్లలో నావాళ్లెవరో చీర రంగుని బట్టి వెతుక్కునేదాన్ని. 1996లో కేంద్రం టార్గెట్లు రద్దు చేసింది. కింద పేరు మారింది, "ఆశించిన స్థాయి" అన్నారు, అంకె అక్కడే ఉంది. మరుసటి ఏడాదే రాష్ట్రానికి జనాభా విధానం వచ్చింది. అప్పుడు ముఖ్యమంత్రి మీరే. మీకు గుర్తుండే ఉంటుంది.

2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే ఉమ్మడి రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటు పిల్లలు 1.8. తరం తరాన్ని భర్తీ చేయాలంటే 2.1 కావాలి. అంటే అప్పటికే మనం కిందికి దిగిపోయాం. ఆ తర్వాత కూడా నేను రిటైరయ్యేదాకా నన్ను కేసులు అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు కొరియా సంగతి. మా వాళ్లుండే ఫ్లాటు ఓనరు తల్లికి ఎనభై దాటాయి. నాకు కొరియన్ రాదు, ఆమెకు తెలుగు రాదు, మధ్యలో మా అమ్మాయి. నేను ఏం ఉద్యోగం చేశానో చెప్పగానే ఆమె నా చెయ్యి పట్టుకుని పకపకా నవ్వింది. పెళ్లయిన కొత్తలో వాళ్ల పల్లెకీ నాలాంటి మనిషి మాత్రలు సంచిలో పెట్టుకుని వచ్చేదట. ఊరి ఆడవాళ్లతో తల్లుల సంఘం పెట్టించేదట. వాళ్ల గోడల మీద రాత కూడా చెప్పింది. ఆడా మగా తేడా చూడకుండా ఇద్దరినే కని బాగా పెంచుదాం అని. కాస్త అటూ ఇటూగా మన గోడ మీదిదే.

వాళ్లు మనకంటే ఘనంగా చేశారు. ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్లకు రిజర్వు సైనిక శిక్షణలో మిగిలిన గంటలు మాఫీ. 1977 నుంచి, ఇద్దరు పిల్లలతో ఆపరేషన్ అయినవాళ్లకు కొత్త అపార్ట్‌మెంట్ల కేటాయింపులో ముందు వరస. సియోల్‌లో బాన్పో దగ్గర అలా నిండిన అపార్ట్‌మెంట్లకు జనం పెట్టుకున్న మోటు పేరు మా అమ్మాయి సిగ్గుపడుతూ చెప్పింది, ఇక్కడ రాయను. 1960లో ఆరుగురిని కనే దేశం 1983కి 2.1 కిందికి వచ్చేసింది. ప్రచారం మాత్రం 1996 దాకా ఆపలేదు. మనలాగే, వాళ్లకీ బండి స్టార్ట్ చేయడం బాగా తెలుసు, బ్రేకు ఎక్కడుందో తెలియదు.

ఇంకో సంగతి. ఇద్దరే అన్నారు, కొడుకు కావాలన్న కోరికను మాత్రం ఎవరూ కదపలేదు. స్కానింగ్ మిషన్లు వచ్చాయి. 1990లో కొరియాలో 100 మంది ఆడపిల్లలకు 116 మంది మగపిల్లలు పుట్టారు. ఆ పుట్టని ఆడపిల్లలు ఉండి ఉంటే ఈ పాటికి తల్లుల వయసు వాళ్లు. ఇది రాస్తుంటే మీ పార్టీ ఎంపీ ఒకరు 2025 మహిళా దినోత్సవానికి చేసిన ప్రకటన గుర్తొస్తోంది. మూడో బిడ్డ ఆడపిల్లయితే 50,000 రూపాయలు, మగపిల్లాడైతే ఆవు. ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ బిడ్డను బట్టి బహుమతి మారడం అనేది మా ఊళ్లలో ఎలా వినబడుతుందో నన్ను అడిగితే చెప్పేదాన్ని.

2023లో కొరియా సగటు 0.72కి పడింది. నా లెక్క ప్రకారం చెబుతాను. వంద మంది ఆడవాళ్లు, వంద మంది మగవాళ్లు, వెరసి రెండు వందలు. వాళ్లకు పుట్టేది 72 మంది. అందులో ఆడపిల్లలు సుమారు 36. ఇదే తీరు సాగితే ఆ 36 మందికి పుట్టేది 26 మంది. రెండు తరాల్లో రెండు వందలు పాతికయ్యాయి. సియోల్ నగరంలోనైతే సగటు 0.55. 1971లో ఆ దేశంలో పది లక్షల మంది పైగా పుడితే 2023లో పుట్టింది 2 లక్షల 30 వేల మంది. దక్షిణాన గాంగ్జిన్ ప్రాంతంలో ఒక ప్రాథమిక బడికి ఒకటో తరగతిలో చేరేవాళ్లే లేక 2019లో చదువురాని మామ్మలను చేర్చుకున్నారు. బడి మూతపడకుండా నిలిచింది. మామ్మలు సంతోషంగా అక్షరాలు దిద్దారట. ఆ ఫొటో చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

డబ్బు ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. 2006 నుంచి 280 లక్షల కోట్ల వోన్లకు పైగా ఖర్చు పెట్టారు. మన రూపాయల్లో సుమారు 17 లక్షల కోట్లు. బిడ్డ పుట్టగానే వోచరు, ఏడాది నిండేదాకా నెలకు పది లక్షల వోన్లు, అంటే దాదాపు 60 వేల రూపాయలు. ఒక కంపెనీ అయితే 2024లో తన ఉద్యోగులకు బిడ్డకు పది కోట్ల వోన్ల చొప్పున ఇచ్చింది. అన్నిటికంటే నా మనసులో పడిపోయింది ఇంకొకటి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మళ్లీ నాళాలు కలిపించుకుంటే పది లక్షల వోన్ల దాకా ఇస్తామని సియోల్ నగర ప్రభుత్వం 2024లో చెప్పింది. కోయడానికి ఒకప్పుడు ఇల్లు ఇచ్చారు, ఇప్పుడు అతకడానికి డబ్బు ఇస్తామన్నారు.

2024లో అంకె 0.75కి లేచింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి. కరోనా వల్ల ఆగిన పెళ్లిళ్లు జరిగాయి, తొంభైల మొదట్లో పుట్టిన పెద్ద గుంపు పెళ్లీడుకొచ్చింది. డబ్బు పని చేసిందనేవాళ్లూ ఉన్నారు. కొంత చేసి ఉండవచ్చు. 0.75 అంటే ఇంకా పాతాళమే.

మరి ఎందుకు కనడం లేదు? మా అమ్మాయి ఆఫీసులో ఒక కొరియన్ పిల్ల, 34 ఏళ్లు, పెళ్లై ఆరేళ్లు. పసిదాన్ని చూడటానికి వచ్చి రెండు గంటలు ఒళ్లోంచి దించలేదు. పిల్లలంటే ఇష్టం లేకనా, మీరే చూశారుగా అంది. "సెలవు పెట్టి తిరిగి వచ్చేసరికి నా సీటు ఉంటుంది, నా పని ఉండదు" అంది. ఆ దేశంలో మగవాళ్లు నూరు సంపాదిస్తే ఆడవాళ్లకు వచ్చేది డెబ్బై. ధనిక దేశాల్లో అంత తేడా ఇంకెక్కడా లేదు. ఇంటికొస్తే వంట ఆమెది, అత్తగారింటి పండగ చాకిరీ ఆమెది. అద్దె ఇంటికి ముందుగా కట్టాల్సిన డిపాజిట్ సియోల్‌లో ఎంతో విన్నాక మన విజయవాడ ఓనర్ల మీద నాకు గౌరవం పెరిగింది.

ఆపైన చదువులు. రాత్రి తొమ్మిది దాటాక బాల్కనీలో నిలబడితే కింద పసుపుపచ్చ వ్యాన్లు వరస కడతాయి. బడి అయ్యాక ట్యూషన్ సెంటర్లకు వెళ్లిన పిల్లలు దిగుతారు, బ్యాగు మోయలేక ఒంగిపోయి. సియోల్‌లో రాత్రి పదింటికి ఆ సెంటర్లు మూయాలని రూలే ఉంది, లేకపోతే ఇంకా నడిపేవారు. 2023లో ఆ దేశపు తల్లిదండ్రులు ప్రైవేటు ట్యూషన్లకు పెట్టింది 27 లక్షల కోట్ల వోన్లు. ఒక్కరిని పెంచడానికే ఇంత అయితే రెండో బిడ్డ మాట ఎవరెత్తుతారు? గుంటూరు, విజయవాడ చుట్టూ ఇంటర్ హాస్టళ్ల ముందు ఆదివారం టిఫిన్ క్యారియర్లతో నిలబడే తల్లిదండ్రులను చూసినవాళ్లెవరికీ ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

పురుడు గురించి కూడా చెప్పాలి, నా వృత్తి కదా. మనం బాలింతకు కాయం, వెల్లుల్లి కారం పెట్టినట్టే వాళ్లు సముద్రపు నాచుతో చారు పెడతారు, మూడు పూటలా. మా అమ్మాయి మొహం చిట్లించుకుని తాగింది. పథ్యం అక్కడా పథ్యమే. కానీ పురుడు పోసే పుట్టిళ్లు అక్కడ తగ్గిపోయి, బాలింతల కోసం ప్రత్యేకంగా సెంటర్లు వచ్చాయి. రెండు వారాలు ఉంచి తల్లినీ బిడ్డనీ చూసుకుంటారు. చాలామంది తల్లులు అక్కడికే వెళ్తారు, రెండు వారాలకు మన రూపాయల్లో లక్షల్లో అవుతుంది. అమ్మ చేసే పని బిల్లు రూపంలో వస్తే ఎంతవుతుందో అప్పుడు తెలిసింది.

మెట్రోలో గర్భిణుల కోసం గులాబీ రంగు సీట్లుంటాయి. కడుపుతో ఉన్నవాళ్లు బ్యాగుకి గులాబీ బిళ్ల తగిలించుకుంటారు. ఎనిమిదో నెలలో అమ్మాయితో వెళ్తే ఆ సీట్లో ఒక కుర్రాడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. బిళ్ల వాడి ముక్కు ముందే ఊగుతోంది. నాలుగు స్టేషన్లు తల ఎత్తలేదు. మన ఆర్టీసీ బస్సులో "స్త్రీలు" అని రాసిన సీటు గుర్తొచ్చి, నాకు కాస్త ఇంట్లో ఉన్నట్టే అనిపించింది.

జపాన్ గురించి మీరు తరచూ చెబుతారు. అక్కడిదొక చిన్న కథ. వాళ్ల పంచాంగంలో అరవై ఏళ్లకోసారి "అగ్ని గుర్రం" ఏడాది వస్తుంది. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొగుణ్ని మింగుతుందని భయం, మన మూలా నక్షత్రం భయం లాంటిదే. 1966లో ఆ భయంతో కాన్పులు నాలుగో వంతు పడిపోయి సగటు 1.58 అయింది. మరుసటి ఏడు మామూలే. కానీ 1989లో ఏ గుర్రమూ లేకుండానే సగటు 1.57 వచ్చింది. దేశం ఉలిక్కిపడింది. అప్పటి నుంచి పథకాల మీద పథకాలు, 2023లో పిల్లల కోసం ప్రత్యేక ఏజెన్సీ. 2024లో సగటు 1.15, పుట్టిన బిడ్డలు 7 లక్షల లోపు. ముప్పై అయిదేళ్ల హెచ్చరిక ఉన్నా ఆగలేదు.

స్వీడన్‌లో తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల సెలవు, అందులో 90 రోజులు తండ్రి వాడుకోకపోతే పోయినట్టే. 1990లో అక్కడ సగటు 2.1 దాకా వెళ్లింది, పదేళ్లకే 1.5కి దిగింది, ఇప్పుడు ఇంకా తక్కువ. నలుగురిని కన్న తల్లికి జీవితాంతం ఆదాయపు పన్ను లేదన్న హంగరీలో 2021లో 1.6 దాకా లేచి మళ్లీ 1.4 కిందికి వచ్చింది. మంత్రం ఎవరి దగ్గరా లేదు. అయినా స్వీడన్ తల్లి దగ్గర ఉద్యోగం ఉంది, పక్కన సాయానికి మొగుడు ఉన్నాడు. అంకె పెరగకపోయినా ఆ డబ్బు వృథా అని నేను అనను.

బలవంతం చేసినవాళ్లూ ఉన్నారు. రుమేనియాలో 1966లో గర్భస్రావాలను నిషేధించారు. ఏడాదిలో సగటు 1.9 నుంచి 3.7 అయింది. తర్వాత దొంగచాటు అబార్షన్లు, తల్లుల చావులు, అనాథాశ్రమాల్లో కుక్కిన పిల్లలు. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలగానే ముందుగా కొట్టేసిన చట్టాల్లో అదొకటి.

ఇక ముసలివాళ్లు. సువాన్‌లో తెల్లారి వాకింగ్‌కి వెళ్తే రోజూ ఒకామె కనబడేది. నడుము తొంభై డిగ్రీలు వంగిపోయి, తన ఎత్తుకు రెట్టింపు అట్టపెట్టెలు బండి మీద వేసుకుని తోసుకుంటూ పోయేది. పాత కాగితాలు అమ్ముకుని బతికే ఇలాంటి ముసలివాళ్లు ఆ దేశంలో చాలామంది. 65 దాటినవాళ్లలో నూటికి నలభై మంది దాకా పేదరికంలో ఉన్నారు. ప్రభుత్వ పెన్షన్ పథకం 1988లో గానీ మొదలు కాలేదు, సంపాదనంతా పిల్లల చదువులకు పోసేశారు. ఇద్దరినే కని బాగా పెంచమన్నారు, ఆ మాట ప్రకారం చేసిన తరం అది. ఒకరోజు మలుపు దగ్గర బండి ఎక్కకపోతే వెనక నుంచి తోశాను. ఆమె వెనక్కి తిరిగి చూసి, జేబులోంచి ఒక కమలాపండు తీసి నా చేతిలో పెట్టింది.

ఆ సంగతి ఇక్కడెందుకంటే, మన దగ్గర జనాభా అనగానే అందరూ పుట్టేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఉన్న ముసలివాళ్లకు మా సబ్‌సెంటర్‌లో బీపీ మాత్రలు తప్ప ఏమీ లేవు. పక్క రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సు అమ్మాయిలను జర్మనీ, జపాన్ పంపుతోంది. వెళ్లనివ్వండి, నా కూతురే వెళ్లింది. కానీ ఆ దేశాలు ముసలివాళ్లను చూసుకునే పనిని ఒక ఉద్యోగంగా చేశాయి, జీతం ఇస్తున్నాయి. మనం ఇంకా కోడలి పనిగానే ఉంచాం.

ఇప్పుడు మీకు అందరికంటే నేను చెప్పాల్సిన ముక్క. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 70 మంది ఆపరేషన్ అయినవాళ్లు. దేశంలో ఇదే ఎక్కువ. మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. నేను తీసుకెళ్లినవాళ్లలో చాలామందికి పాతికేళ్లు కూడా నిండలేదు. పద్దెనిమిదికి పెళ్లి, ఇరవై మూడుకి ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. మూడో బిడ్డను కనమని మీరు చెబుతున్నది ఎవరికి? నాళాలు మేమే ముడేశాం కదండీ. ఆ ముడి విప్పడం పెద్ద ఆపరేషన్, విప్పినా కడుపు నిలుస్తుందన్న నమ్మకం లేదు. దాని కోసం క్యాంపులు పెట్టే ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి మొదటి రోజే ఆపండి.

మీరు చేయగలిగినవి నాకు తోచినవి చెబుతాను. కు.ని. మాత్రలు, కాపర్-టీ సరఫరా ఏ పేరుతోనూ తగ్గించకండి. ఇద్దరు బిడ్డల మధ్య ఎడం కావాలనుకునే అమ్మాయిలకు అవే దిక్కు, మనం ఎప్పుడూ ఎడం గురించి చెప్పలేదు, ఆపేయమనే చెప్పాం. అంగన్‌వాడీని తల్లి పని నుంచి వచ్చేదాకా తెరిచి ఉంచండి. ఎన్నో కాన్పయినా ప్రసూతి సెలవు ఇస్తామన్నారు, బాగుంది, అది గవర్నమెంటు ఉద్యోగికి. ప్రైవేటు స్కూలు టీచరమ్మకు కడుపు కనబడగానే మానేయమంటున్నారు, ఆమె సంగతి చూడండి. ఫీజుల గురించి ప్రతి ప్రభుత్వానికీ చెప్పి చెప్పి జనం నోళ్లు నొప్పెట్టాయి, నేను మళ్లీ చెప్పను.

అంకె మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. మనవరాలికి మూడో నెల వచ్చాక, నేను తిరిగి బయల్దేరే ముందు రోజు, "రెండోది ఎప్పుడే?" అని అమ్మాయిని అడిగాను. నోరు జారింది. అది బట్టలు మడతపెడుతూ తల కూడా ఎత్తకుండా, "ఏంటమ్మా, మళ్లీ టార్గెట్ ఇచ్చారా నీకు?" అంది. దాని చిన్నతనమంతా మార్చి నెలల్లో నా మొహం చూసి పెరిగింది మరి.

మొన్న నా తర్వాత మా సబ్‌సెంటర్‌కి వచ్చిన ఏఎన్ఎం అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు రిజిస్టర్లు పోయి ట్యాబ్ వచ్చింది. మేము రాసిన అర్హులైన దంపతుల జాబితాయే అందులోనూ ఉంది. ఇద్దరు పిల్లలుండి ఆపరేషన్ కాని వాళ్ల పేర్లు వేరుగా చూపిస్తుందట. "మేడం, వీళ్ల ఇంటికెళ్లి ఇప్పుడు ఏం చెప్పమంటారు? ఆపరేషన్‌కి రమ్మనాలా, ఆగమనాలా?" అని అడిగింది. ఆ ఇంటి ఆడమనిషికి ఏం కావాలో ఆమెనే అడుగు అన్నాను. "అడిగితే ఎక్కడ రాయాలి మేడం, అందులో గడి లేదు" అంది.

దీనికి మీ ఆఫీసు నుంచి కాగితం మీద ఏదైనా జవాబు వస్తే ఆ అమ్మాయికి చేరవేస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం